మ్యాపులో పచ్చగా ఉన్న ఆకాశం రేవులో ఎర్రగా ఎందుకు మారుతోంది?

ఒక కెమెరా డ్రోన్ యజమాని బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లాల పోలీసు అధికారులకు, కలెక్టర్లకు, పౌర విమానయాన శాఖ అధికారులకు,

నమస్కారం. కోనసీమలో చిన్న ఫోటో స్టూడియో నడుపుకుంటున్నవాడిని. పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, ఊరి తీర్థాలు నా పని. 2019 నుంచి నా దగ్గర ఒక కెమెరా డ్రోన్ ఉంది. దాని బరువు తొమ్మిది వందల గ్రాములు దాటదు. చట్టం దాన్ని మైక్రో తరగతి అంటుంది, మా ఊరి పిల్లలు తూనీగ అంటారు.

ప్రభుత్వ మ్యాపులో కనిపించని నిషేధం పేరు చెప్పి పోలీసులు ఆ డ్రోన్‌ను రసీదు కూడా ఇవ్వకుండా తీసుకెళ్ళారు. ఈ విషయం మీద ఇప్పటికి రెండు అర్జీలు పెట్టాను, ఒక రిజిస్టర్డ్ ఉత్తరం రాశాను. మొదటి అర్జీకి 'మీ సమస్య పరిష్కరించబడినది' అని ఫోనుకు సందేశం వచ్చింది. ఏమి పరిష్కరించారో అందులో లేదు, అడుగుదామంటే ఆ సందేశానికి జవాబిచ్చే వీలూ లేదు. మిగిలిన రెంటికీ ఆ మాత్రం సందేశం కూడా రాలేదు. అందుకే ఇప్పుడు నలుగురి ముందు రాస్తున్నాను. ఏ స్టేషన్, ఏ అధికారి అన్నది ఇక్కడ చెప్పను. ఒకరిని బజారుకు ఈడ్చాలని కాదు నా ఉద్దేశం. ఇది ఒక్క స్టేషన్ సంగతి కూడా కాదని తోటి ఫోటోగ్రాఫర్ల మాటలు విన్నాక తెలిసింది.

ముందుగా నా కాగితాల సంగతి చెబుతాను, ఎందుకంటే ఎవరైనా మొదట అడిగేది అదే. డ్రోన్లున్నవాళ్ళు స్వచ్ఛందంగా వివరాలు ఇవ్వాలని 2020 జనవరిలో కేంద్రం ఆ నెలాఖరు వరకు గడువు పెట్టినప్పుడు నేను ఇచ్చాను, రసీదు నంబరు తీసుకున్నాను. 2021 ఆగస్టు 25న డ్రోన్ నిబంధనలు వచ్చాక వంద రూపాయలు కట్టి గుర్తింపు సంఖ్య తెచ్చుకున్నాను. రెండు కిలోల లోపు డ్రోన్‌ను సరదాకు ఎగరేసేవారికి పైలట్ సర్టిఫికెట్ అక్కర లేదు. నేను దాని మీద డబ్బు సంపాదిస్తాను కాబట్టి నాకు కావాలి. చీటీ పాట ఎత్తి నలభై వేల పైచిలుకు కట్టి, హైదరాబాదులో ఉండి శిక్షణ తీసుకుని ఆ సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. ఇతరులకు నష్టం కలిగితే చెల్లించే బీమా కూడా ఉంది. ఈ కాగితాలన్నీ ప్లాస్టిక్ సంచీలో పెట్టుకుని డ్రోన్ పెట్టెలోనే తిప్పుతాను.

గత మాఘమాసంలో ఒక లంక గ్రామంలో పెళ్ళి. పెళ్ళికూతురి వారు పంటు మీద గోదావరి పాయ దాటి వస్తున్నారు. పంటు నిండా పసుపు బట్టలు, సన్నాయి, అరటి గెలలు. వెనక ఇసుక తిన్నెలు, ఆ వెనక కొబ్బరి తోటలు. ఇలాంటి దృశ్యం ఏడాదికి ఒకసారి దొరికితే గొప్ప. నేను రేవు గట్టు మీద నిలబడి ఎగరేశాను. (పంటు మీద నుంచి ఎగరేయకూడదు. డ్రోన్ బయలుదేరిన చోటును గుర్తు పెట్టుకుని, బ్యాటరీ తగ్గితే అక్కడికే వచ్చి దిగుతుంది. ఆలోగా పంటు కదిలిపోతుంది, అది నీళ్ళలోకి దిగుతుంది. ఈ పాఠం నేర్చుకున్న రోజున సరంగు పంటును వెనక్కి తిప్పబట్టి, నీటికి రెండు మూరల ఎత్తులో దాన్ని చేత్తో పట్టుకున్నాను. రెక్కలు కోసిన గుర్తులు రెండు వేళ్ళ మీద ఇప్పటికీ ఉన్నాయి.) ఎగరేసే ముందు ప్రభుత్వ మ్యాపు చూశాను. ఆ ప్రాంతమంతా పచ్చ. అంటే నాలుగు వందల అడుగుల ఎత్తు వరకు ఎవరి అనుమతీ అక్కర లేదు. నేను ఎగరేసింది నూట యాభై అడుగుల్లో.

ఆరేడు నిమిషాలు కాకముందే ఇద్దరు కానిస్టేబుళ్ళు మోటారు సైకిలు మీద వచ్చారు. పక్క మండలంలో ఒక ప్రముఖుడి పర్యటన ఉందని, డ్రోన్లు నిషేధమని చెప్పారు. వెంటనే దించాను. ఉత్తర్వు ఉంటే చూపించమని మర్యాదగానే అడిగాను. 'పై నుంచి ఆదేశాలు' అన్నారు. మ్యాపు చూపించాను. 'అది మాకు తెలియదు' అన్నారు. వారిని తప్పు పట్టను, నిజంగానే వారికి తెలియదు. ఆ మ్యాపు గురించి వారికి ఎవరూ చెప్పలేదు. డ్రోన్, రిమోట్, మూడు బ్యాటరీలు, మెమరీ కార్డు తీసుకుని వెళ్ళారు. పంచనామా లేదు, రసీదు లేదు. కేసు కూడా లేదు. కేసు పెట్టి ఉంటే కనీసం కోర్టుకు వెళ్ళి నా వస్తువు అడిగేవాడిని.

నలభై ఒక్క రోజుల తరవాత డ్రోన్ ఇచ్చారు. ఎండ పడే గదిలో బీరువా మీద పెట్టినట్టున్నారు. ఛార్జింగు నిండుగా ఉన్న బ్యాటరీలను వేడిలో అన్నాళ్ళు వదిలేస్తే ఏమవుతుందో అదే అయింది. రెండు బ్యాటరీలు పూరీల్లా ఉబ్బిపోయాయి. ఉబ్బిన బ్యాటరీ నిప్పు అంటుకునే వస్తువు. ఆ నలభై ఒక్క రోజులూ అది పోలీసు స్టేషన్‌లో ఉందన్న సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ భయంగానే ఉంటుంది. మెమరీ కార్డు దొరకలేదు. ఆ పంటు దృశ్యం అందులోనే ఉంది. పెళ్ళికూతురి తండ్రి ఇప్పటికీ ఎదురుపడితే, 'ఆ ముక్క దొరికిందా బాబూ' అని అడుగుతారు.

ఇదే డ్రోన్ గురించి ఇంకో సంగతి చెప్పాలి.

2022 జూలైలో గోదావరికి వచ్చిన వరద మీకు గుర్తుండే ఉంటుంది. భద్రాచలం దగ్గర నీటిమట్టం డెబ్భై అడుగులు దాటింది, ధవళేశ్వరంలో మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. మా లంకలు మునిగాయి. ఏటిగట్టు మీద జనం, పశువులు, ట్రాక్టర్లు. ఒక సాయంత్రం రెవెన్యూ ఉద్యోగి ఒకరు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. 'బాబూ, నీ దగ్గర ఎగిరే కెమెరా ఉందట కదా, ఒకసారి తీసుకురా' అన్నారు. వాన తెరిపి ఇచ్చిన ఇరవై నిమిషాల్లో పైకి పంపాను. అది తడిస్తే పని చేయదు, గాలి ఎక్కువైతే నిలబడదు, గుండె చేత్తో పట్టుకునే పంపాను. తెర మీద ముందు నీరు తప్ప ఏమీ కనిపించలేదు. తరవాత ఒక మెరక మీద గేదెలు, లెక్కపెడితే పదిహేడు. ఇంకాస్త ముందుకు పోతే ఒక డాబా మీద టార్పాలిన్ కింద ఇద్దరు ముసలివాళ్ళు. ఆ ఇల్లు ఖాళీ అయిందని జాబితాలో రాసుకున్నారు. పడవ ఏ పక్క నుంచి వెళితే ప్రవాహం తగలదో కూడా పై నుంచి చూసే చెప్పాము. చీకటి పడేలోగా ఇద్దరినీ తెచ్చారు.

ఆ రోజు నా గుర్తింపు సంఖ్య ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ప్లాస్టిక్ సంచీ తీసి చూపించేవాడిని.

డ్రోన్ కొన్నవాడికి దక్కే ఫలం ఇలాంటిదే. కనుమ నాడు జగ్గన్నతోటలో పదకొండు ప్రభలు, అంటే దేవుడిని ఉంచి రంగురంగుల బట్టలతో అలంకరించిన ఎత్తయిన వెదురు కట్టడాలు, కొలువుదీరడం, గంగలకుర్రు ప్రభను భుజాల మీద కౌశిక కాలువలో దించి దాటించడం నేను చిన్నప్పటి నుంచి మనుషుల భుజాల సందుల్లోంచి చూశాను. పై నుంచి చూసిన మొదటిసారి ఆ రంగుల ప్రభ నీళ్ళలో ఎలా నడుస్తుందో అర్థమైంది. మంచం మీద ఉన్న మా నాయనమ్మకు ఫోనులో చూపిస్తే రెండు చేతులూ జోడించింది. దీని కోసం గద్దల దాడులు భరిస్తాము, అవి గూడు కట్టే కాలంలో డ్రోన్ మీదికి రావడం మామూలే. ఇనుప చువ్వలున్న డాబా మీద నుంచి ఎగరేస్తే దిక్సూచి తప్పి అది కొబ్బరి మట్టల్లోకి పోతుంది, అదీ భరిస్తాము. బ్యాటరీ ఇరవై అయిదు నిమిషాలు కూడా నిలవదు. ఇవన్నీ మాకూ యంత్రానికీ మధ్య ఉన్న గొడవలు, మేము చూసుకుంటాము. మీ వల్ల, మీరు మాట్లాడకపోవడం వల్ల సామాన్యులకు జరుగుతున్నవి వేరు. అవి ఇవి.

1. ఏది చట్టమో తెలుసుకునే దారి లేదు. 2021 డ్రోన్ నిబంధనల్లో తాత్కాలిక ఎరుపు ప్రాంతం అనే ఏర్పాటు ఉంది. శాంతిభద్రతల అవసరం వస్తే రాష్ట్ర ప్రభుత్వం గానీ పోలీసులు గానీ ఒక ప్రాంతంలో డ్రోన్లను ఆపవచ్చు. ఎస్పీ హోదాకు తగ్గని అధికారి దాన్ని ప్రకటించాలి. ఒక్కో విడతకు తొంభై ఆరు గంటలు మించకూడదు. అవసరమైనంత మేరకే హద్దు గీయాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ సంగతి డిజిటల్ స్కై అనే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ డ్రోన్ వేదికలో ప్రకటించి మ్యాపు మీద చూపించాలి. ఇది నా కోరిక కాదు, నిబంధనే అలా ఉంది. జరుగుతున్నది ఏమిటంటే, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 163వ సెక్షన్ కింద, అంటే పాత 144 కింద, ఒక ఉత్తర్వు వస్తుంది. ఒక్కోసారి అదీ రాదు, ఫోనులో నోటిమాట వస్తుంది. ఉత్తర్వు వచ్చినా పత్రికల్లో జిల్లా పేజీలో నాలుగు వరుసల వార్త. మ్యాపు మాత్రం పచ్చగానే ఉంటుంది. అదే మ్యాపు చూసి ఎగరవేయమని శిక్షణలో మాకు చెప్పారు, దాని మీద పరీక్ష కూడా పెట్టారు.

2. కాగితం లేకుండా వస్తువు పోతోంది. స్వాధీనం చేసుకునేటప్పుడు ఆడియో, వీడియో రికార్డు చేయాలని, వస్తువుల జాబితా రాయాలని కొత్త చట్టంలోని 105వ సెక్షన్ చెబుతోంది. స్వాధీనం చేసుకున్న సంగతి మేజిస్ట్రేటుకు తెలపాలని 106 చెబుతోంది. రేవులో నిలబడ్డ ఫోటోగ్రాఫరుకు ఈ సెక్షన్లు తెలియవు, తెలిసినా నోరు పెగలదు. నాకూ తరవాత ఒక వకీలు మిత్రుడు చెబితే తెలిసింది. రసీదు లేని వస్తువు కోసం స్టేషన్ చుట్టూ తిరిగేవాడు నిందితుడూ కాడు, ఫిర్యాదిదారుడూ కాడు. బెంచీ మీద కూర్చోవడానికి కూడా వాడికి ఒక పేరంటూ ఉండదు.

3. లగ్నం మళ్ళీ రాదు. ఆ నలభై ఒక్క రోజుల్లో నాకు ఆరు పెళ్ళిళ్ళు ఉన్నాయి. మూడింటికి రాజమహేంద్రవరం నుంచి అద్దెకు తెచ్చాను, నాకు మిగలవలసింది అద్దెకే పోయింది. రెండింటికి బయానా తిరిగి ఇచ్చాను. ఒకటి డ్రోన్ లేకుండానే చేశాను, ఆ ఇంటివారు ఇంకా మిగిలిన డబ్బు ఇవ్వలేదు. నా దగ్గర పనిచేసే కుర్రవాడికి ఆ నెల సగం జీతమే ఇవ్వగలిగాను. మా స్టూడియోలవి పెద్ద వ్యాపారాలు కావు. పెళ్ళిళ్ళ కాలం దాటితే ఆషాఢంలో పాస్‌పోర్టు ఫోటోలతో బతికేవాళ్ళం.

4. నిజాయితీ ఖరీదైన వస్తువు అయిపోయింది. పూర్తిగా తయారైన విదేశీ డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరి 9న నిషేధించారు. పరిశోధనకు, రక్షణ, భద్రతా అవసరాలకు మాత్రమే మినహాయింపు. మన దేశంలో డ్రోన్లు తయారు కావాలన్న ఉద్దేశం మంచిదే. పొలాలకు మందు చల్లే డ్రోన్లలో ఆ ఫలితం మా ఊళ్ళలోనే కనిపిస్తోంది. పెళ్ళిళ్ళకు పనికివచ్చే కెమెరా డ్రోన్లలో మాత్రం మావంటి వాళ్ళకు అందే ధరలో సరైనది దొరకడం కష్టంగా ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి డ్రోన్ల మీద జీఎస్టీ 5 శాతానికి తగ్గింది, సంతోషం. కానీ బిల్లుతో కొనే వస్తువు ఉంటే కదా పన్ను తగ్గిన లాభం? కువైట్, దుబాయ్ నుంచి వచ్చే బంధువుల పెట్టెల్లో తెచ్చుకునేవాళ్ళు ఉన్నారు. విమానాశ్రయంలో పట్టుబడితే అదీ పోతుంది, పట్టుబడకపోతే బిల్లు లేక నమోదు కాదు. నా పాత డ్రోన్‌కు మరమ్మతు చేసే దుకాణం మా జిల్లాలో ఒక్కటీ లేదు. బిల్లు, నంబరు, సర్టిఫికెట్, బీమా అన్నీ ఉన్న నేనూ, ఏమీ లేనివాడూ రేవులో కానిస్టేబులుకు ఒకేలా కనిపిస్తాము. ఇక రేపటి కుర్రవాడు నలభై వేలు పెట్టి శిక్షణకు ఎందుకు వెళతాడు?

5. ఆపదలో పిలిస్తే వచ్చేవాళ్ళు తగ్గిపోతారు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలప్పుడు విజయవాడలో డాబాల మీద చిక్కుకున్నవారికి డ్రోన్లతో ఆహారం, మందులు అందించారు. అవి ప్రభుత్వం తెప్పించినవి, పెద్దవి. లంక గ్రామాలకు మొదటి గంటలో అందుబాటులో ఉండేది మాత్రం మావంటి వాళ్ళ తూనీగలే. నా సంగతి విన్నాక, మళ్ళీ వరద వస్తే డ్రోన్ బయటికి తీయనని ఇద్దరు తోటివాళ్ళు నాతో అన్నారు. వాళ్ళకు నేను సర్దిచెప్పలేకపోయాను.

మా వాళ్ళ తప్పులూ చెప్పాలి, లేకపోతే ఈ లేఖ ఏకపక్షం అవుతుంది. ఆడవాళ్ళు స్నానాలు చేసే రేవుల మీద, ఇళ్ళ పెరళ్ళ మీద డ్రోన్ తిప్పినవాళ్ళు ఉన్నారు. జాతర జనం నెత్తి మీద ఎగరేసి, రెక్క విరిగి కింద పడేసినవాళ్ళు ఉన్నారు. సభల మీద, విమానాశ్రయాల దగ్గర, చమురు, గ్యాసు ప్లాంట్ల దగ్గర సరదాకు ఎగరేస్తామనేవాళ్ళనూ చూశాను. వాళ్ళ మీద చర్య తీసుకోండి. డ్రోన్ నిబంధనల ప్రకారమే లక్ష రూపాయల వరకు జరిమానా వేయవచ్చు. సరిహద్దుల్లో డ్రోన్లు ఆయుధాలుగా మారిన కాలంలో మీ భయం మాకు అర్థం కాకపోలేదు. ఆకాశంలో శబ్దం వినిపిస్తే అది ఎవరిదో మీకు తెలియాలి. ఎవరిదో చెప్పడానికే మేము నంబరు తీసుకున్నాము.

మేము అడిగేవి కొద్దిగానే ఉన్నాయి. వాటిలో చాలావరకు కొత్త చట్టమూ అక్కర లేదు, కొత్త బడ్జెట్టూ అక్కర లేదు.

మొదటిది, మీరు ఎక్కడ, ఎన్ని గంటలు నిషేధించినా అది డిజిటల్ స్కై మ్యాపులో ఎర్రగా కనిపించాలి. కనిపించని నిషేధానికి మా వస్తువులు తీసుకోకండి, దించమని చెప్పండి చాలు. దించకపోతే అప్పుడు కేసు పెట్టండి.

రెండోది, తీసుకుంటే అక్కడే రసీదు ఇవ్వండి. డ్రోన్ గుర్తింపు సంఖ్య, బ్యాటరీలు ఎన్ని, మెమరీ కార్డు ఉందా లేదా అన్నది అందులో రాయాలి. కేసు లేకపోతే మరునాటికల్లా తిరిగి ఇవ్వాలి. బ్యాటరీలను నీడలో, సగం ఛార్జింగుతో ఉంచాలన్న ఒక్క ముక్క స్టేషన్ రైటరుకు చెప్పండి, మా కోసం కాకపోయినా మీ రికార్డు గది కోసం.

మూడోది, ప్రతి స్టేషన్‌లో కనీసం ఒక్కరికి ఆ మ్యాపు చూడటం, గుర్తింపు సంఖ్య సరిచూడటం నేర్పండి. అరపూట పని. పిలిస్తే ఖర్చు లేకుండా వచ్చి చూపించడానికి మా ఫోటోగ్రాఫర్లలోనే మనుషులు ఉన్నారు. వరదల కాలానికి ముందే నంబరున్న డ్రోన్ యజమానుల జాబితా మండలాల వారీగా రెవెన్యూ కార్యాలయాల్లో పెట్టుకోండి. అవసరమైన రోజున వెతుక్కునే పని ఉండదు.

నాలుగోది కేంద్రానికి. పౌర విమానయాన మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారు మన శ్రీకాకుళం వారే, కాబట్టి తెలుగులో అడిగితే చాలనుకుంటున్నాను. దిగుమతి నిషేధానికి ముందు చట్టబద్ధంగా కొన్న డ్రోన్లకు విడిభాగాలు, బ్యాటరీలు, మరమ్మతు నిలకడగా దొరికే ఏర్పాటు చేయించండి. 2025 సెప్టెంబరులో వెలువడిన పౌర డ్రోన్ల ముసాయిదా బిల్లులో జైలు శిక్ష మాట ఉంది. మ్యాపులో చూపించని నిషేధాన్ని తెలియక దాటినవాడికి అది వర్తించదని ఏ చట్టంలోనైనా స్పష్టంగా రాయించండి. ఆ మ్యాపునూ, నిబంధనలనూ తెలుగులో అందుబాటులోకి తెప్పించండి. పదో తరగతి చదివినవాడు పైలట్ కావచ్చని రాశారు. వాడికి అర్థమయ్యే భాషలో మిగిలినవీ ఉండాలి కదా.

2024 అక్టోబరు 22న విజయవాడ పున్నమి ఘాట్‌లో 5,500 డ్రోన్లు ఆకాశంలో బొమ్మలు గీస్తే నేనూ గట్టు మీద నిలబడి చప్పట్లు కొట్టాను. అయిదు గిన్నిస్ రికార్డులు వచ్చాయి. ఓర్వకల్లులో డ్రోన్ల నగరం కడతామంటున్నారు, కట్టాలి. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఆ పన్నెండు రోజులూ ఘాట్ల మీద మా డ్రోన్లు ఆపవలసి వస్తుందని మాకు ఇప్పుడే తెలుసు, ఒక్కరం కూడా కాదనము. ఏ ఘాట్ నుంచి ఏ ఘాట్ వరకు, ఏ రోజు నుంచి ఏ రోజు వరకు అన్నది మాత్రం ముందుగా గీసి చూపించండి.

రాబోయే ముహూర్తాలకు పదకొండు పెళ్ళిళ్ళు ఒప్పుకున్నాను, అందులో నాలుగు లంకల్లో. వాటిలో ఏ రోజున ఎగరేయకూడదో ముందు రోజు రాత్రికల్లా మ్యాపులో కనిపిస్తే పెళ్ళివారికి ఫోను చేసి చెప్పేసి, బ్యాటరీలు ఛార్జింగుకు పెట్టకుండా పడుకుంటాను.

ఇట్లు,
కోనసీమ నుంచి ఒక స్టూడియో యజమాని